ప్రొటీన్ తింటే షుగర్ పెరగదన్నారు, మరి నా మీటర్ ఏంటి ఇలా చూపిస్తోంది?

లెక్కల_మనిషి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నా వయసు 47. నాలుగేళ్లుగా టైప్ 2 షుగర్. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు పూటలా వేసుకుంటాను, వేరే మందులేమీ లేవు. పోయినసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.1 వచ్చింది. "కార్బ్స్ తగ్గించి ప్రొటీన్ పెంచండి" అని చెప్పి పంపించేశారు. ఏ ప్రొటీన్, ఎంత, ఎప్పుడు అనేది ఎవరూ చెప్పలేదు. సరే, మనమే చూద్దామని మూడు వారాలుగా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. తినేముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూశాను.

2 ఉడికించిన గుడ్లు, ఒక బ్రెడ్ ముక్క: 124 నుంచి 148
నీళ్లలో కలిపిన వే ప్రొటీన్ (పాల విరుగుడు నుంచి తీసిన పొడి) ఒక స్కూప్: 126 నుంచి 121
ప్రొటీన్ బార్ ఒకటి: 118 నుంచి 187
ఉడికించిన శనగలు ఒక పెద్ద కప్పు: 121 నుంచి 156
రాత్రి గ్రిల్డ్ చికెన్, కూరగాయలు, ఇంకేమీ లేదు: 119 నుంచి 131. తెల్లారి లేచి చూస్తే 152!

అన్నిటినీ ప్రొటీనే అంటున్నారు, అంకెలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేవు. అన్నిటికంటే ఆ చికెన్ సంగతి అర్థం కావడం లేదు. అన్నం లేదు, బ్రెడ్ లేదు. మరి పొద్దుటికి 152 ఎక్కడి నుంచి వచ్చినట్టు?

---

తిండిగోల | ఆదివారం, రాత్రి 9:40

చికెన్ సంగతి పెద్దవాళ్లు చెప్తారు గానీ అన్నా, ముందు ఆ బార్ రేపర్ తిప్పి వెనకాల చదవండి. ముందు వైపు ఉండేది వాళ్లు మనకు చెప్పాలనుకున్నది. వెనకాల ఉండేది చెప్పక తప్పనిది.

---

లెక్కల_మనిషి | ఆదివారం, రాత్రి 9:58

చూశాను. ప్రొటీన్ 12 గ్రాములు. మొత్తం కార్బోహైడ్రేట్ 34. పదార్థాల్లో మొదటి పేరు గ్లూకోజ్ సిరప్, మూడోది మాల్టోడెక్స్‌ట్రిన్, అదీ పిండి నుంచి తీసిన కార్బే. ఇన్నాళ్లూ చాక్లెట్ తింటూ డైట్ చేస్తున్నాననుకున్నాను.

---

డైట్_అక్క | సోమవారం, ఉదయం 7:05

నేను డైటీషియన్‌ని, పదహారేళ్లుగా ఇదే పని. మీ నోట్‌బుక్ చూస్తే ముచ్చటేసింది, చాలామంది ఇంత కూడా రాయరు. బార్ సంగతి తేలిపోయింది కాబట్టి మిగతావి చూద్దాం.

ప్రొటీన్ అరిగితే అమైనో ఆమ్లాలవుతుంది. అవి రక్తంలోకి వచ్చినప్పుడు పాంక్రియాస్ రెండు హార్మోన్లు వదులుతుంది. ఒకటి ఇన్సులిన్, ఇది షుగర్‌ని దించుతుంది. రెండోది గ్లూకగాన్, ఇది లివర్‌తో షుగర్ బయటికి పంపిస్తుంది. ఒకటి బ్రేకు, ఇంకోటి యాక్సిలరేటర్. రెండూ ఒకేసారి పడతాయి కాబట్టి మామూలు మోతాదు ప్రొటీన్‌కి మీటర్‌లో పెద్ద కదలిక కనపడదు. మీ గుడ్ల దగ్గర పెరిగిన 24 పాయింట్లలో ఎక్కువ భాగం ఆ బ్రెడ్ ముక్కదే.

"తిన్న ప్రొటీన్‌లో సగం షుగర్‌గా మారిపోతుంది" అనే మాట పాత పుస్తకాల్లో ఉండేది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. లివర్ అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారు చేయగలదు, అది నిజమే. కానీ ముడిసరుకు వచ్చింది కదా అని అంతా వండేయదు. 2013లో వచ్చిన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులకు గుడ్ల రూపంలో 23 గ్రాముల ప్రొటీన్ పెట్టి ఎనిమిది గంటలు గమనించారు. ఆ సమయంలో ఒంట్లో తయారైన గ్లూకోజ్ 50 గ్రాములు. అందులో ఆ గుడ్ల ప్రొటీన్ నుంచి వచ్చింది 4 గ్రాములే.

శనగల్లో ప్రొటీన్ కంటే పిండిపదార్థమే ఎక్కువ. పెద్ద కప్పుకు 35 పెరగడం నా లెక్కలో మంచి ఫలితమే. దాని గురించి వేరే రాస్తాను, క్లినిక్‌కి టైమైంది. చికెన్ దగ్గర ఒక ప్రశ్న: ఎంత తిన్నారు?

---

లెక్కల_మనిషి | సోమవారం, మధ్యాహ్నం 1:20

రెండు ముక్కలు మేడమ్.

---

డైట్_అక్క | సోమవారం, మధ్యాహ్నం 1:31

ముక్కలంటే నాకు ఎలా తెలుస్తుందండీ. తూకం చెప్పండి.

---

టైప్1_అమ్మ | సోమవారం, సాయంత్రం 6:44

ఈ చికెన్ కథ మా ఇంట్లో రోజూ నడిచేదే కాబట్టి మధ్యలో వస్తున్నాను. మా వాడికి 13 ఏళ్లు, టైప్ 1. చేతికి సీజీఎం (షుగర్‌ని రోజంతా గీతలా చూపించే సెన్సర్) ఉంటుంది. మాంసం ఎక్కువగా తిన్న రాత్రి పడుకునేటప్పుడు 115 ఉంటుంది, గీత చాప పరిచినట్టు ఉంటుంది. హమ్మయ్య అనుకుని పడుకుంటాం. ఒంటి గంట నుంచి మెల్లగా మెట్లెక్కడం మొదలెడుతుంది. మూడింటికి అలారం. 210. మొదట్లో దొంగచాటుగా ఏదో తిన్నాడని వాణ్ణి కేకలేశాను కూడా. పాపం వాడు ఏమీ తినలేదు.

వాడి ఒంట్లో సొంత ఇన్సులిన్ లేదు. అక్క చెప్పిన బ్రేకు లేదు, యాక్సిలరేటర్ మాత్రం ఉంది. డాక్టరు చెప్పింది ఏంటంటే, టైప్ 1 వాళ్లు కార్బ్స్ లేకుండా ఒకేసారి 75 గ్రాములు, అంతకు మించి ప్రొటీన్ తింటే మూడు నుంచి ఐదు గంటల మధ్య షుగర్ పెరగడం ప్రయోగాల్లో కనిపించిందట. కొవ్వు కూడా తోడైతే ఇంకా సాగుతుంది. అప్పటినుంచి అలాంటి రాత్రులకు ఇన్సులిన్ ఎలా సర్దాలో మా టీమ్‌తో కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎంత అనేది ఇక్కడ రాయను, ఎవరి లెక్క వాళ్లది.

రెండు గంటల దగ్గర చూసి వదిలేస్తే ఇది కనపడదు లెక్కల_మనిషి గారూ. మీకూ అలాగే జారిపోయి ఉండొచ్చు.

---

లెక్కల_మనిషి | సోమవారం, రాత్రి 10:03

ఇవాళ వండాక తూకం వేశాను. నా "రెండు ముక్కలు" 270 గ్రాములు. బోన్‌లెస్, చర్మం లేని బ్రెస్ట్. వండిన 100 గ్రాముల్లో 31 గ్రాముల ప్రొటీన్ అంటున్నారు, అంటే 80 పైనే. ఒక్క పూటకు!

మా ఆవిడ పక్కన నుంచి తూకం చూసి, "కార్బ్స్ మానేశానని ఆ ఆకలంతా దీనిమీద చూపిస్తున్నారు" అంది. కాదనలేను.

---

డైట్_అక్క | సోమవారం, రాత్రి 10:25

మీ ఆవిడకు నా సీటు ఇచ్చేయొచ్చు.

మీకు టైప్ 2 కాబట్టి సొంత ఇన్సులిన్ ఉంది, టైప్1_అమ్మ గారి అబ్బాయిలా 210 వెళ్లదు. కానీ టైప్ 2లో తిన్నాక గ్లూకగాన్ అణగాల్సినంత అణగదు, ఇన్సులిన్ మాట లివర్ సరిగా వినదు. అందుకే అంత పెద్ద మోతాదుకు ఆలస్యంగా కొంత పెరగొచ్చు. అయితే నేరమంతా చికెన్ మీదే తోసేయకండి. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి లివర్ ఎలాగూ షుగర్ వదులుతుంది. మీరు రాసిన తినేముందు అంకెలు కూడా 120 దగ్గరే ఉన్నాయి కదా. మూడు రాత్రులు పెద్ద మోతాదు, మూడు రాత్రులు సగం తిని, పొద్దుటి అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పొద్దు.

---

కండల_కుర్రాడు | మంగళవారం, ఉదయం 6:10

అక్కా, నాదొక డౌట్. నాకు షుగర్ లేదు, నాన్నకు ఉంది. వే ప్రొటీన్ తాగితే ఇన్సులిన్ బాగా పెరుగుతుందని ఒక వీడియోలో చూశాను. ఇన్సులిన్ పెరిగితే ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం) వస్తుంది కదా? మరి అన్న నోట్‌బుక్‌లో షుగర్ పెరగలేదని సంబరపడితే ఎలా? లోపల ఇన్సులిన్ కొండెక్కి ఉంటుంది.

---

డైట్_అక్క | మంగళవారం, ఉదయం 7:30

మంచి ప్రశ్న, సగం సమాధానం కూడా నీ ప్రశ్నలోనే ఉంది.

1997లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 38 రకాల ఆహారాలకు ఇన్సులిన్ ఎంత పెరుగుతుందో కొలిచారు. తెల్ల బ్రెడ్‌ని 100 అనుకుంటే గుడ్లకు 31, చీజ్‌కు 45, గొడ్డు మాంసానికి 51, చేపకు 59 వచ్చాయి. అంటే కార్బ్స్ లేకపోయినా ఇన్సులిన్ వస్తుంది. పాలు ఇంకా విచిత్రం: షుగర్‌ని పెంచేది తక్కువే, ఇన్సులిన్‌ని మాత్రం దాదాపు బ్రెడ్ అంత పెంచుతాయి. దానికి పెద్ద కారణం పాల విరుగుడులోని వే. త్వరగా అరుగుతుంది, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, పైగా పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ని కూడా లేపుతుంది. ఈమధ్య బరువు తగ్గే ఇంజెక్షన్లు అని వింటున్నారే, అవి అనుకరించేది ఈ హార్మోన్‌నే.

2014లో టైప్ 2 ఉన్న 15 మందికి భారీగా కార్బ్స్ ఉన్న టిఫిన్‌కు ముందు 50 గ్రాముల వే ఇచ్చి చూశారు. వే ఇవ్వని రోజుతో పోలిస్తే మూడు గంటల్లో షుగర్ 28 శాతం తగ్గింది. ఇన్సులిన్ రెట్టింపయింది.

ఇక నీ భయం సంగతి. అన్నం తిన్నాక ఇన్సులిన్ లేచి, పని చేసి, దిగిపోవడం రోగం కాదు. టైప్ 2లో ఒక పెద్ద ఇబ్బంది తిన్న వెంటనే రావాల్సిన ఇన్సులిన్ ఆలస్యంగా రావడం. వే దాన్ని కాస్త ముందుకు తోస్తుంది. పరగడుపున, ఏమీ తినకుండానే రోజంతా ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం వేరే సంగతి. దానికి పొట్ట చుట్టూ కొవ్వు, లివర్‌లో కొవ్వు, కదలకుండా కూర్చోవడం తోడుంటాయి. అలాగని 50 గ్రాముల పౌడర్ రోజూ తాగమని నేను చెప్పను. అందులో 200 కేలరీలు ఉంటాయి, వాటిని ఎక్కడో ఒకచోట తగ్గించుకోకపోతే బరువు రూపంలో వస్తాయి.

---

నడక_నాగులు | మంగళవారం, రాత్రి 8:50

పౌడర్ లేకుండా పనయ్యే చిట్కా నా దగ్గర ఉంది. కంచంలో ఉన్నదే తినండి, వరస మార్చండి.

2015లో అమెరికాలో కార్నెల్ వైద్య కళాశాల వాళ్లు టైప్ 2 ఉన్న 11 మందికి ఒకటే భోజనం రెండు రోజులు పెట్టారు. ఒకరోజు బ్రెడ్, జ్యూస్ ముందు, పావుగంట తర్వాత చికెన్, కూరగాయలు. ఇంకోరోజు దానికి తిరగేసి. చికెన్, కూరగాయలు ముందు తిన్న రోజు గంట తర్వాత షుగర్ దాదాపు 37 శాతం తక్కువ. తిండి అదే, మనిషి అతనే.

నేనూ చేసి చూశాను. రెండు గుడ్లు, కూరగాయల సలాడ్, రెండు బ్రెడ్ ముక్కలు. బ్రెడ్ ముందు తిన్న రోజు గంటకు 194, గుడ్లు ముందు తిన్న రోజు 151. నాకు సైన్స్ తెలీదు గానీ బ్రెడ్ కోసం పావుగంట కాచుకు కూర్చోవడం మాత్రం నరకం. చల్లారిన బ్రెడ్ తినాల్సి వస్తుంది.

---

మాంసప్రియుడు | బుధవారం, మధ్యాహ్నం 12:15

ఈ చర్చ చదివితే మాంసానికి క్లీన్ చిట్ వచ్చినట్టే కదా? షుగర్ పెంచదు, కడుపు నిండుతుంది. మరి రెడ్ మీట్ తింటే షుగర్ వ్యాధి వస్తుందని పేపర్లలో ఎందుకు రాస్తారు? మేకకు, గొర్రెకు కార్బ్స్ ఎక్కడివి?

---

చదివి_చెప్తా | బుధవారం, మధ్యాహ్నం 2:38

రెండు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేస్తున్నారు సార్. ఈ పూట షుగర్ ఎంత అనేది ఒకటి. పదేళ్లలో ఒంటికి ఏమవుతుంది అనేది ఇంకోటి. మీటర్ మొదటిదానికే జవాబు చెప్తుంది.

2023లో హార్వర్డ్ వాళ్లు 2,16,695 మంది ఆరోగ్య సిబ్బంది తిండి వివరాలను ఏళ్ల తరబడి గమనించి లెక్క వేశారు. రెడ్ మీట్ అందరికంటే ఎక్కువ తిన్నవాళ్లకు, తక్కువ తిన్నవాళ్ల కంటే టైప్ 2 వచ్చే ముప్పు 62 శాతం ఎక్కువ. రోజుకు అదనంగా ఒక వడ్డన చొప్పున చూస్తే ప్రాసెస్డ్ మాంసానికి (సాసేజ్, బేకన్, హామ్ లాంటివి) 46 శాతం, మామూలు మాంసానికి 24 శాతం. ఆ ఒక్క వడ్డన స్థానంలో గింజలు, పప్పులు పెడితే ముప్పు 30 శాతం తగ్గుతుందని వాళ్ల అంచనా. మరుసటి ఏడు 20 దేశాల్లోని దాదాపు 20 లక్షల మంది వివరాలు కలిపి చూస్తే అంకెలు చిన్నవయ్యాయి: రోజుకు 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసానికి 15 శాతం, 100 గ్రాముల రెడ్ మీట్‌కు 10 శాతం.

---

మాంసప్రియుడు | బుధవారం, మధ్యాహ్నం 3:02

అవన్నీ గమనించిన లెక్కలు, ప్రయోగాలు కావు. సాసేజ్ ఎక్కువ తినేవాడు సిగరెట్ కూడా ఎక్కువ తాగుతాడు, నడవడు, బరువుంటాడు. తప్పు సాసేజ్‌దా, వాడిదా?

---

చదివి_చెప్తా | బుధవారం, మధ్యాహ్నం 3:30

న్యాయమైన మాటే. పొగ, బరువు, వ్యాయామం లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నిస్తారు గానీ పూర్తిగా పోతాయని ఎవరూ చెప్పలేరు. బరువు లెక్కలోకి తీసుకుంటే ముప్పు అంకె కూడా తగ్గుతుంది. కారణాల విషయంలో అనుమానితులు చాలామందే ఉన్నారు: మాంసంలోని హీమ్ ఐరన్, సంతృప్త కొవ్వు, ప్రాసెస్డ్ వాటిలో ఉప్పు, నైట్రైట్లు, మాడేలా కాల్చినప్పుడు పుట్టే పదార్థాలు. ఎవరి వాటా ఎంతో తేలలేదు. నా మట్టుకు నేను సాసేజ్ మానేశాను. మాంసం వారానికి ఒకసారి తింటాను, కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగను.

---

శనగల_శారద | గురువారం, ఉదయం 5:50

పప్పుల తరఫున వాదించేవాళ్లు లేరని నేనే లేచాను. డైట్_అక్క రాస్తానని మాయమయ్యారు.

వండిన పప్పు 100 గ్రాముల్లో ప్రొటీన్ 9 గ్రాములు, కార్బ్స్ 20, అందులో 8 దాకా పీచు. కాబట్టి దీన్ని చికెన్‌తో పోల్చకూడదు, అన్నంతోనో బ్రెడ్‌తోనో పోల్చాలి. నేను చేసిన తప్పు అదే. "పప్పంటే ప్రొటీన్ కదా" అని ఎప్పుడూ తినేంత అన్నం తింటూనే పప్పు రెట్టింపు చేశాను. షుగర్ తగ్గలేదు సరికదా, పెరిగింది. తర్వాత అన్నం సగం చేసి ఆ ఖాళీలో పప్పు పెట్టాను. తిన్న తర్వాతి అంకె 190ల నుంచి 150లకు దిగింది.

2012లో టైప్ 2 ఉన్న 121 మందితో మూడు నెలల ప్రయోగం ఒకటి జరిగింది. ఒక జట్టు రోజుకు కనీసం ఒక కప్పు పప్పులు, చిక్కుళ్లు తిన్నది. ఇంకో జట్టు గోధుమ పీచు పెంచింది. హెచ్‌బీఏ1సీ మొదటివాళ్లకు 0.5 తగ్గితే రెండోవాళ్లకు 0.3 తగ్గింది. పప్పులకు ఇంకో గుణం ఉంది, ఒక పూట తింటే దాని మేలు తర్వాతి పూట భోజనం మీద కూడా కనిపిస్తుంది. పీచు పెద్దపేగులో పులిసి చేసే పని అది. ఆ పులియడానికి శబ్దం కూడా ఉంటుంది, మొదటి రెండు వారాలు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

---

పాత_కాపు | గురువారం, రాత్రి 9:15

అందరూ ప్రొటీన్ పెంచే మాటే చెప్తున్నారు, ఎంత అనేది ఎవరూ చెప్పట్లేదు. నా అనుభవం వినండి. 58 ఏళ్లు, పదిహేనేళ్ల షుగర్. ఒక ట్రైనర్ మాట పట్టుకుని ఏడాదిపాటు కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున లాగించాను. నా బరువు 76, అంటే రోజుకు 150. బరువు తగ్గింది, షుగర్ తగ్గింది, అందరూ భేష్ అన్నారు. ఏడాది చివర మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రొటీన్) పరీక్ష చేయిస్తే ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. అది ఎప్పటినుంచి ఉందో నాకు తెలీదు, ఎందుకంటే అంతకుముందు ఒక్కసారి కూడా చేయించలేదు. ప్రొటీన్ వల్లే వచ్చిందని అనను. చూసుకోకుండా దిగడం మాత్రం నా తప్పే.

ఇప్పుడు నా డాక్టరు రోజుకు కిలోకు 0.8 గ్రాములు పెట్టారు. కిడ్నీ దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లని షుగర్ వాళ్లకు అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు చెప్పేది కూడా అదే. కొత్తగా మొదలెట్టేవాళ్లు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో అల్బుమిన్ చూపించుకోండి. ముందురోజు రాత్రి మాంసం బాగా తింటే క్రియాటినిన్ కాసేపు పెరిగి చూపిస్తుంది, అది చూసి గుండె పట్టుకోకండి. తినకుండా మళ్లీ చేయించండి.

---

వేదిక_నిర్వాహకుడు | గురువారం, రాత్రి 10:00

ఒక హెచ్చరిక పెట్టి వెళ్తాను. ఒంట్లో ఇన్సులిన్‌ని పెంచే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా కార్బ్స్ కోసేసి ఆ స్థానంలో ప్రొటీన్ పెట్టొద్దు. మందు పాత తిండికి లెక్కేసి రాసింది. షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వాడుతూ కార్బ్స్ పూర్తిగా మానేస్తే షుగర్ మామూలుగా ఉన్నా కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో పుట్టే ఆమ్లాలు) పెరిగి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. లెక్కల_మనిషి గారిలా మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ బెడద తక్కువ.

---

కండల_కుర్రాడు | శుక్రవారం, ఉదయం 6:20

మరి కండ పెరిగితే షుగర్ తగ్గుతుందంటారు, దానికి ప్రొటీన్ కావాలి కదా?

---

డైట్_అక్క | శుక్రవారం, ఉదయం 7:10

కావాలి. కానీ కండని పెంచేది కుర్చీలో కూర్చుని తాగే షేక్ కాదు. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో (సెయింట్ లూయీ) ఒక పరిశోధన చేశారు. ఊబకాయం ఉన్న, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు రెండు జట్లు. ఇద్దరూ పది శాతం బరువు తగ్గారు. ఒక జట్టు కిలోకు 0.8 గ్రాముల ప్రొటీన్, ఇంకో జట్టు 1.2. ఎక్కువ ప్రొటీన్ వాళ్లకు కండ అరకిలో లోపే అదనంగా మిగిలింది. విచిత్రం ఏంటంటే, తక్కువ ప్రొటీన్ వాళ్లకు ఇన్సులిన్ పనితనం 25 నుంచి 30 శాతం మెరుగైంది, ఎక్కువ ప్రొటీన్ వాళ్లకు ఆ లాభమే రాలేదు. చిన్న పరిశోధన, ఒక రకం మనుషులు, కాబట్టి దీన్ని పట్టుకుని ప్రొటీన్ మానేయొద్దు. మీ నాన్నగారికి షేక్ డబ్బా కొనిచ్చే ముందు వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం నేర్పించు. ఆయన వయసులో కండ కరిగిపోకుండా ఉండాలంటే రెండూ కావాలి.

శారద గారూ, మాయం కాలేదండీ, మీరే బాగా రాసేశారు.

---

లెక్కల_మనిషి | ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

డైట్_అక్క చేయమన్న పరీక్ష ఫలితాలు ఇవిగో. మూడు రాత్రులు 270 గ్రాముల చికెన్: పొద్దున 149, 155, 146. మూడు రాత్రులు 120 గ్రాములు: 138, 133, 141. తేడా ఉంది, కానీ నేననుకున్నంత లేదు. మిగతాది లివర్ పుణ్యమే అనుకుంటా. రాత్రి భోజనం రెండు గంటలు ముందుకు జరిపి, తిన్నాక ఇరవై నిమిషాలు నడిస్తే 128 దాకా వచ్చింది. మధ్యాహ్నం సగం అన్నం తీసేసి శనగలో పప్పో పెడుతున్నాను. మూత్ర పరీక్ష చేయించాను, బాగుంది. హెచ్‌బీఏ1సీకి ఇంకో ఆరు వారాలు ఆగాలి.

ఇంకో చిన్న విషయం. ఆ ప్రొటీన్ బార్లు డబ్బాలో ఇంకా తొమ్మిది ఉన్నాయి. పారేయడానికి మనసొప్పడం లేదు.

---

తిండిగోల | ఆదివారం, రాత్రి 8:41

జేబులో పెట్టుకోండన్నా. షుగర్ డౌన్ అయినప్పుడు పనికొస్తాయి, ఎలాగూ 187 దాకా లేపుతాయి కదా.

---

డైట్_అక్క | ఆదివారం, రాత్రి 8:55

వద్దు వద్దు, దానికి మాత్రం వాడొద్దు. డౌన్ అయినప్పుడు కావాల్సింది వెంటనే ఎక్కే చక్కెర. గ్లూకోజ్ పొడో, పండ్లరసమో 15 గ్రాముల కార్బ్స్ వచ్చేలా తీసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. బార్‌లోని కొవ్వు ఆ చక్కెరను ఆలస్యం చేస్తుంది. ప్రొటీనేమో టైప్ 2 వాళ్లకు షుగర్ పెంచకుండా ఇన్సులిన్‌ని మాత్రం పెంచుతుంది. పడిపోతున్న టైములో అది అసలు పనికిరాదు.

---

లెక్కల_మనిషి | ఆదివారం, రాత్రి 9:02

అయితే కండల_కుర్రాడికి ఇచ్చేస్తాను. బరువులెత్తి అరిగించుకుంటాడు.

---

కండల_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:04

ఏ ఫ్లేవర్ అన్నా?